కాలువకు అడ్డంగా మా గోడ

ఈ ఉదయం మా వీధిలో మంచినీళ్ల పైపు కోసం తవ్వుతున్నారు. సిమెంటు రోడ్డు పెచ్చు లేవగానే అడుగు నుంచి తడి నల్లరేగడి వాసన గుప్పుమంది. ఇన్నేళ్లుగా ఇళ్ల కింద ఉన్నా ఆ మట్టి ఇంకా పొలం వాసనే వేస్తోంది. మల్లయ్య కాక గుర్తొచ్చాడు.

ఎనభైల చివర్లో, నిజామాబాద్ శివారున బోధన్ రోడ్డు పక్క వరి మడులు ప్లాట్లు అవుతున్న రోజుల్లో మేమిక్కడ ఇల్లు కట్టుకున్నాం. మాదే చివరి ఇల్లు. పెరడు దాటితే వెంకటవ్వ ఎకరం, దాని అవతల చెరకు తోటలు. మల్లయ్య కాక ఆ పొలాలున్న ఊరి నీరటి. కాలువ నీళ్లను వంతుల ప్రకారం ప్రతి మడికీ పారించడం ఆయన పని. కోతలప్పుడు రైతులు ఇచ్చే వడ్లే జీతం. మడులు ఇళ్లయ్యాక వడ్లు తగ్గాయి కానీ పని తగ్గలేదు. భుజాన పారతో మా గల్లీల్లో తిరుగుతూ, పిల్లకాలువలో మేం పారేసిన ఇటుక ముక్కలూ కొబ్బరి పీచూ తీసి ఒడ్డున పెట్టేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. అదే నాకు చిరాకు. తిడితే తిరిగి తిట్టొచ్చు కదా.

ఇల్లు కట్టిన ఏడాదికి, యాసంగి పంట కాలంలో మేం పెరటి గోడ కట్టించాం. పిల్లకాలువ మా స్థలంలోంచే పోయేది, లేఅవుట్ కాగితంలో మాత్రం దాని జాడ లేదు. ఎండిన గుంతే కదా అని పూడ్చేసి పైన పునాది వేశాం. సున్నం ఆరకముందే కాక వచ్చాడు.

“బిడ్డా, గోడకు గీడ చిన్న కంత పెట్టియ్యి. రేపు ఎంకటవ్వ వంతు. పోయిన వంతుల నాట్లేసింది.”

“మా ఆయన హైదరాబాద్ వెళ్లారు కాకా. రాగానే అడిగి చెప్తాను.”

“రేపు తప్పితే మల్ల ఎనిమిదొద్దుల దాంక నీళ్లు రావు.”

“కొత్త గోడ కాకా. ఎలా పగలగొట్టమంటావు?”

“నీ ఇష్టం బిడ్డా” అని వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే, మా ఆయన్ని అడిగి చేసేంత బుద్ధిమంతురాలిని నేనెప్పుడూ కాదు. సొంత గోడ మీద మురిపెం, అంతే.

మర్నాడు నీళ్లు వచ్చి గోడకు తగిలి గల్లీలోకి మళ్లాయి. పిల్లలు వాటిలో గంతులేశారు. నాలుగో రోజు కాక మళ్లీ వచ్చి, “ఒక్కసారి నాతోటి రా బిడ్డా, సూద్దువు” అని పొలానికి తీసుకెళ్లాడు. ఏడాదిగా పక్కనే ఉంటూ నేను అందులో అడుగుపెట్టడం అదే మొదలు. నేల నెర్రెలిచ్చింది. నాటు కొసలు ఎండుతున్నాయి. వెంకటవ్వ బిందెతో నీళ్లు మోసి ఒక మూల పోస్తోంది. ఎకరానికి ఒక బిందె. నన్ను చూసి, “కొత్తిల్లు మంచిగున్నదా అమ్మా?” అంది. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అడిగింది. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

సాయంత్రానికల్లా మేస్త్రీని పిలిపించి గోడకు కంత పెట్టించి, పూడ్చిన కాలువ తవ్వించాను. వంతు వచ్చేసరికి సగానికి పైగా నాటు పోయింది. ఎండాకాలం గడవకముందే వెంకటవ్వ ఎకరం అమ్మేసి, కూతురింట్లో బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయింది. మాది చివరి ఇల్లు కాకుండా పోయింది.

కాక మాత్రం పార దించలేదు. పారించడానికి మడి లేకపోయినా ఏటా తొలకరికి ముందు వచ్చి కాలువ బాగుచేసేవాడు. ఇంకెవరి కోసమని అడిగితే, “గిప్పుడు మీ కోసమే బిడ్డా. గీ తొవ్వ బందైతే వాననీళ్లు మీ ఇండ్లల్లకే వస్తయి” అన్నాడు. ఆ ఏడు నుంచి నేనూ పార పట్టాను. నేల ఎటు వాలిందో, నీరు ఎక్కడ తిరుగుతుందో ఆయన వెంట నడిచే నేర్చుకున్నాను. కాలనీవాళ్లు నవ్వారు. నవ్వుకోనీ అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మా మెట్ల మీద చాయ్ తాగుతుంటే, ఎన్నాళ్లుగానో మనసులో నలుగుతున్న మాట అడిగేశాను. “ఆనాడు నేను వెంటనే ఒప్పుకుని ఉంటే వెంకటవ్వ పొలం అమ్మేది కాదా కాకా?”

ఎప్పటికైనా అమ్మేదేలే అంటాడనుకున్నాను. ఊరంతా అమ్ముకుంటున్న కాలం; ఆ మాటలో అబద్ధం కూడా లేదు. ఆయన సాసర్లోకి చాయ్ వంపుకున్నాడు.

“గా యేడైతే అమ్మకపోతుండె” అన్నాడు.

కాక పోయి చాలా ఏళ్లయింది. ఇళ్లు ఇప్పుడు చెరకు తోటల్ని కూడా దాటిపోయాయి. వాటిని నేనొక్కదాన్ని ఆపగలిగేదాన్ని కాదు, తెలుసు. కానీ ఆ ఎకరంలో ఇంకొక్క పంట పండేది. అది మాత్రం ఆ రోజు నా చేతిలోనే ఉండింది.