ఆంజనేయుడికి తలంటు

ఈ కాలపు డాక్టర్లకు నూనె అంటే గుండెకు పట్టే జిడ్డు ఒక్కటే. రోజుకు మూడు చెంచాలట! మేము వయసులో ఉన్నప్పుడు నూనె లేని పని ఒక్కటి చూపించమనండి. నువ్వుల నుంచి వచ్చింది గనుక నూనె అయింది (ఇది బడిలో నేర్చింది కాదు, బడి నన్ను అయిదో తరగతిలోనే వదిలేసింది, నిఘంటువు కొనుక్కుని చదివాను). తర్వాత శెనక్కాయదీ, కొబ్బరిదీ, చివరకు ఇంజనులో పోసేదీ నూనే అయి కూర్చుంది. దీపానికి, తలకు, తలుపు కీలుకు, పసిబిడ్డ మాడుకు, ఎద్దు కొమ్ములకు అదే. నూనెతో చెడేది ఏదీ లేదని నమ్మినవాణ్ణి. ఆ నమ్మకం నా ఇరవయ్యో ఏట ఆళ్లగడ్డలో వదిలింది.

నంద్యాల గానుగలో నాయనతో వేగలేక, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే మామ దగ్గర చేరాను. ఆయన ఆరు నెలలు కష్టపడి ఒక ఆంజనేయుణ్ణి ముగించాడు. ఆ మధ్యాహ్నం విగ్రహం పురమాయించిన ఊరివాళ్లు చూడటానికి రావాలి. నచ్చితే సరే, లేకుంటే ఆరు నెలల చాకిరీ షెడ్డులోనే పడి ఉంటుంది. నాకేమో స్వామి రాతిపొడి కొట్టుకుని బూడిదలో పొర్లినట్టు కనిపించాడు. మామ అన్నానికి వెళ్లగానే, ఇంటి నుంచి తెచ్చుకున్న నువ్వుల నూనె సీసా అంతా పట్టించాను. నల్లగా నిగనిగలాడిపోయాడు.

ఆ ఊరి పెద్దాయన తన తల్లిని వెంటబెట్టుకుని వచ్చి, గడప దగ్గరే నిలబడిపోయాడు.

“ఏందప్పా ఇది? మేం చూడకముందే నూనె యాల పూసినారు? యాడన్నా పగులుండాదా?”

రాతిలో సన్నటి పగులుంటే నూనె కప్పేస్తుంది. అందుకే కొనేవాళ్లు ఒప్పుకునేదాకా విగ్రహానికి చుక్క కూడా తగలనివ్వరు. మామ నాకీ మాట చెప్పలేదు. (“అన్నం ముక్కులో పెట్టుకోగూడదని ఎవురన్నా చెప్తార్రా?” అన్నాడు తర్వాత.)

“నిన్నెవుడు పూయమన్యాడ్రా?” మామ ముఖం పాలిపోయింది.

“బాగా కనపడ్తాడని, మామా.”

“దేవునికి పెండ్లిచూపులా?”

ఊరుకోవచ్చుగా! నువ్వుల నూనె ఎంత శ్రేష్ఠమో పెద్దాయనకు వివరించబోయాను. “నూనె సంగతి కాదప్పా, రాయి సంగతి చెప్పు” అని ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

అప్పుడు ఆయన తల్లి, ఆ అవ్వ, కొడుకు చెయ్యి పట్టుకుంది. “ఉండ్రా. పూసినోడే కడుగుతాడు. సీకాయ తెప్పించండి.”

రెండు గంటలు స్వామికి తలంటు పోశాను. అవ్వ ఎదురుగా కూర్చుని, “తోక కింద జిడ్డు పోలా, రుద్దు. నీ పెండ్లానికి గూడా ఇట్లనే పోస్తావా నాయనా?” అంటూంటే, చూడవచ్చిన వీధి జనం పొట్టలు పట్టుకున్నారు. ఎండలో ఆరాక స్వామి మళ్లీ బూడిద రంగు తేలాడు. పెద్దాయన నీళ్లు చల్లి, తడి గీతలా నిలిచే పగులేమైనా ఉందేమోనని అంగుళం అంగుళం వెతికాడు, సుత్తితో తట్టాడు. పగుల్లేని రాయి, గంట మోగినట్టు ఖంగుమంది.

“బండి కట్టిస్తాం” అన్నాడు పెద్దాయన.

ప్రతిష్ఠనాడు ఊరంతా నూనె పూస్తుంటే నేను చేతులు వెనక్కు కట్టుకుని నిలబడ్డాను. అవ్వ గిన్నె చేతికిచ్చి, “ఇప్పుడు పూయప్పా, ఎవురూ ఏమనరు” అంది. నా చెయ్యి వణికింది. భక్తి అని అందరికీ చెప్పుకున్నాను. ఇప్పుడు తలకు రాసుకునేటప్పుడూ వణుకుతుంది, ఇది వయసు. ఆనాటిది మాత్రం వట్టి భయమేనని ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.