ముందు పిల్లల్ని చెప్పనివ్వండి

నా రాత బాగుండదు. గీతలు వంకరపోతాయి, ఒత్తులు తప్పుతాయి. ఊళ్ళో అయిదో తరగతితో చదువు ఆగింది. ఢిల్లీ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫైళ్ళు మోశాను గాని ఒక్క కాగితం రాసింది లేదు. మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు దిద్ది వేస్తామన్నారు. ఇంకా తప్పులుంటే మన్నించండి.

మన సిస్టరమ్మ పోయారు. పోయిన ఆదివారం చర్చికి బయల్దేరుతూ, కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటూ ఒరిగిపోయారట. వాళ్ళమ్మాయి ఫోను చేస్తే మా కోడలు ఎత్తింది. "మామయ్యగారూ, సిస్టరాంటీ..." అని ఆగిపోయింది. మిగతా మాట నేను అడగలేదు.

తెలియనివాళ్ళకు చెబుతున్నాను. ఆవిడ బాపట్ల వైపు మనిషి. ఇక్కడ సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆర్.కె. పురంలో మా పెరటికి ఎదురు బ్లాకులో, కింది ఇంట్లో, కూతురి దగ్గర ఉండేవారు. "ఏం అన్నయ్యగారూ, బాగున్నారా?" అంటూ మణికట్టు పట్టుకునేవారు. అది పలకరింపో, నాడి చూడటమో నాకు ఏనాడూ తెలియలేదు. ఇంటి వెనక కంచె వేసి ఒక మునగచెట్టు పెంచారు. కాయలు దిగితే తెలుగిళ్ళన్నిటికీ వెళ్ళేవి. ఏ వారం ఎవరి వంతో ఆవిడకు నోటికి వచ్చు.

కొన్నేళ్ళ కిందట మా కౌన్సిలర్, సెక్టారుకు ఏం కావాలో సలహా చెప్పడానికి ఏడుగురితో కమిటీ వేసుకోమన్నారు. అందులో ఇద్దరు పాతికేళ్ళ లోపు వాళ్ళుండాలని సిస్టరమ్మ పట్టుబట్టారు. కమిటీలో పెద్ద ఆఫీసరు ఒకరున్నారు, మన తెలుగాయనే. ఆయన్ని అందరం డైరెక్టరుగారంటాం. ఆయన నవ్వారు.

"సిస్టర్ జీ, కాలేజీ పిల్లల్ని కూర్చోబెడితే క్రికెట్ పిచ్ అడుగుతారు, అంతే."

"అడగనీండి సార్. మన వయసువాళ్ళం ఇన్నేళ్ళూ ఏం అడిగాం? పార్కులో బెంచీలు. అవీ కూర్చోడానికే కదా!"

అందరూ నవ్వారు. పిల్లలకు రెండు కుర్చీలు వచ్చాయి. నా పేరూ ఆవిడే రాసేశారు. "నాకు మాట్లాడటం రాదమ్మా" అన్నాను. "మాట్లాడేవాళ్ళు చాలామందే ఉన్నారు అన్నయ్యగారూ. వినేవాడు ఒకడన్నా ఉండొద్దా?" అన్నారు.

మీటింగుకు ఆవిడ ఆసుపత్రి పద్ధతి ఒకటి తెచ్చారు. నర్సులు డ్యూటీ అప్పగించుకునేటప్పుడు అందరికంటే చిన్న నర్సు ముందు చెబుతుందట. పేషెంటు పక్కన ఎక్కువసేపు ఉన్నది ఆ పిల్లే కాబట్టి. ఆమె ముగించేదాకా పెద్ద సిస్టరు నోరు విప్పకూడదు. మా దగ్గరా అంతే. డైరెక్టరుగారు మధ్యలో అందుకోబోతే, "సార్, ముందు పిల్లల్ని చెప్పనివ్వండి" అనేవారు. పిల్లలతో మాత్రం, "కళ్ళతో చూడకుండా ఏదీ చెప్పొద్దు" అనేవారు.

ఆ ఇద్దరిలో కీర్తన అనే అమ్మాయి మా పైన రెండో అంతస్తులో ఉండేది. అప్పట్లో కాలేజీలో చదువుతోంది. తెలుగు అర్థమవుతుంది గాని నోట హిందీయే వస్తుంది. ఒక మీటింగులో నోట్‌బుక్కు తెరిచి చెప్పింది.

"బస్టాప్ నుంచి బ్లాకుల వెనక సీదా రాస్తా ఉండేదంట ఆంటీ. అబ్ బంద్ హై. కింది ఇళ్ళవాళ్ళు కంచెలు వేసేశారు. మేం మార్కెట్ వెనక నుంచి తిరిగి రావాలి. అక్కడంతా అంధేరా, చీకటి. అందరూ కంచెలు ఆరడుగులు వెనక్కి తియ్యాలి. సబ్‌సే పహలే, అందరికంటే ముందు..." అని ఆగి, తల వంచుకుని, "సిస్టరాంటీది" అంది.

సిస్టరమ్మ రాసుకుంటూనే, "అయిందా, ఇంకా ఉందా?" అన్నారు.

డైరెక్టరుగారు, "కంచెల జోలికెందుకు? మార్కెట్ వెనక ఒక లైటు అడుగుదాం" అన్నారు. అప్పుడు నేను మాట్లాడాను. ఏడు నెలల్లో అదే మొదటిసారి.

"సిస్టరమ్మగారి మునగచెట్టు సరిగ్గా ఆ ఆరడుగుల్లోనే ఉందండి. దాన్ని కొట్టించొద్దు. లైటు చాలు."

ఎన్నడూ మాట్లాడనివాడు మాట్లాడాడని నా మాటకు ఎక్కడలేని బరువొచ్చింది. కౌన్సిలర్‌కు లైటు కోసమే రాశారు. కీర్తన నోట్‌బుక్కు మూసేసింది. మా పెరట్లో నా గోంగూర మడి కూడా ఆ ఆరడుగుల్లోనే ఉందని నేను చెప్పలేదు.

తిరిగి వస్తుంటే సిస్టరమ్మ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇన్నాళ్ళకు నోరు విప్పారు. అదీ నా చెట్టు కోసం."

"తప్పా అమ్మా?"

"చెట్టు కోసం మాట్లాడటానికి నేను లేనా? ఆ పిల్ల కోసం ఎవరున్నారు?" కాస్త దూరం నడిచాక, "రేపు సాయంత్రం బస్టాపులో నిలబడండి. అది కాలేజీ నుంచి వస్తుంది. దానితో ఇంటిదాకా నడవండి. నాకేం చెప్పక్కర్లేదు" అన్నారు.

చలికాలం. ఆరింటికే చీకటి పడింది. కీర్తన బస్సు దిగి, "తాతాజీ, ఆప్?" అని ఆశ్చర్యపోయింది. మార్కెట్ దాకా కాలేజీ కబుర్లు చెబుతూనే ఉంది. వెనక మలుపు తిరగ్గానే మాట ఆపింది. సంచీ ముందుకు లాక్కుని, ఫోను చెవికి ఆనించుకుంది.

"ఎవరమ్మా ఫోన్లో?"

"కోయీ నహీ తాతాజీ, ఎవరూ లేరు. ఇలా పెట్టుకుంటే నాన్నతో మాట్లాడుతున్నా అనుకుంటారు. జరా జల్దీ చలియే, తొందరగా నడవండి."

గోడవారగా కొందరు కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ఆ రోజు ఏమీ అనలేదు. అయినా ఆ అమ్మాయి వేగం తగ్గలేదు. నేను పక్కనే ఉన్నాను, అయినా తగ్గలేదు. రోజూ అలా నడిచి నడిచి కాళ్ళకు అదే అలవాటైపోయింది.

మరుసటి మీటింగులో పిల్లలు చెప్పడం అయ్యాక లేచాను. "కిందటిసారి నేను చెప్పింది తప్పు. లైటు చాలదు. నా గోంగూర మడి కూడా ఆ దారిలోనే ఉంది. తీసేస్తాను."

"ఏం పెద్దాయనా, నెలలోనే మాట మార్చారే?" అన్నారు డైరెక్టరుగారు.

"నడిచొచ్చానండి."

ఆయన నా వంక చూసి, "ఠీక్ హై, రాయండి" అన్నారు.

ఆ శనివారమే సిస్టరమ్మ చెట్టు కొట్టించారు. "ఆకు కూడా వదలకండి, పప్పులో వేసుకోండి" అని అందరికీ పంచారు. కీర్తన ఏడుస్తూ "సారీ ఆంటీ" అంటే, "సారీ దేనికే? నువ్వు రిపోర్టు ఇచ్చావు. వైద్యం మా పని" అన్నారు. అందరూ వెళ్ళాక ఆ మొదలు దగ్గర ఒక్కరే కాసేపు నిలబడ్డారు. నేను మా కిటికీలోంచి చూశాను.

ఆ తరవాత ఒక్కొక్కరే కంచెలు జరిపారు. కౌన్సిలర్ మనుషులు వచ్చి రాళ్ళు పరిచారు. మూడు దీపాలు వేశారు.

కీర్తనకు ఇప్పుడు నోయిడాలో ఉద్యోగం. మీటింగులకు రాలేకపోతోంది. రెండో పిల్లవాడికి పాతికేళ్ళు దాటాయి. సిస్టరమ్మ లేరు. పిల్లల కుర్చీలు రెండూ ఖాళీ. నిన్న మీటింగులో కమిటీవాళ్ళు, "ఈసారి పెద్దవాళ్ళనే వేసుకుందాం, పని తొందరగా తెములుతుంది" అన్నారు. రెండూ పాతికేళ్ళ లోపు వాళ్ళకే ఇవ్వాలన్నాను. "సరే, పేర్లు చెప్పండి" అన్నారు. నా దగ్గర ఒక్క పేరూ లేదు. నెలాఖరు దాకా గడువిచ్చారు. ఆలోగా పేర్లు ఇవ్వకపోతే ఆవిడ పెట్టిన పద్ధతి అక్కడితో సరి.

మీటింగు అయ్యాక ఆ దారి మొదట్లో కాసేపు నిలబడ్డాను. ఇద్దరమ్మాయిలు బస్సు దిగి వస్తున్నారు, వేరుసెనక్కాయలు ఒలుచుకుంటూ. ఒకమ్మాయి చెప్పు తెగింది. దీపం కింద ఆగి, గోడకు ఆనుకుని, తీరిగ్గా పిన్నీసు పెట్టుకుంది. రెండో అమ్మాయి కాయలు తింటూ నిలబడింది గాని తొందరపెట్టలేదు.

మన సెక్టారులో, మీ ఇంట్లో, పాతికేళ్ళ లోపు పిల్లలుంటే పేరు రాసి పంపండి. వాళ్ళనే రాయమనండి. తెలుగు రాకపోతే హిందీలో రాయమనండి, మా మనవరాలు చదివి పెడుతుంది. నెలాఖరు ఎంతో దూరం లేదు. జవాబు తొందరగా రాయండి.