గుట్టలు కూల్చే డూగల్

సరస్సు మీదికి ఒరిగిన ఆ కొండకు జనం పెద్దగా రారు. వచ్చినవాళ్లు మాత్రం సరదాకి రాళ్ల గుట్టలు పేర్చి పోతారు. పొగమంచులో వాటినే దారి గుర్తులనుకుని నడిచినవాళ్లు తిన్నగా కొండ అంచుకే చేరతారు. అందుకే రిటైరైన పోస్ట్‌మాన్ డూగల్ మెక్‌ఫెయిల్ రోజూ ఎక్కి, ఆ గుట్టల్ని తన్ని కూలదోస్తాడు. ఆ బూటు దెబ్బలకు కొండే రెండడుగులు పొట్టిదయిందంటారు. కొలిచినవాడు లేడు గాని అబద్ధమైతే కాదు. ఆ మంగళవారం మంచు ముక్కు దాకా దిగింది. ఇంకా కూల్చని గుట్ట అవతల, అంచువైపు, ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. ‘అంచు’ అని అరిస్తే ఉలిక్కిపడి ఒక్క అడుగు వేస్తారు. ఆ ఒక్కటీ చాలు.

“కదలకండమ్మా. మీ కాళ్ల దగ్గరే కొండకోడి గూడుంది, గుడ్లు తొక్కేస్తారు” అన్నాడు తాపీగా. అడుగులు ఆగాయి. కొండలెక్కేవాళ్లు కాలు విరిగినా ఓర్చుకుంటారు గాని గుడ్డు తొక్కరు.

“ఏది తాతా, కనబడ్డం లేదే?” అంది ఆడగొంతు.

“రాళ్ల రంగులో కలిసిపోయే పిట్ట, మీకు కనబడితే అది కొండకోడెందుకవుతుంది? నేనొచ్చేదాకా ఊపిరి కూడా మెల్లగా పీల్చండి.”

డూగల్ పాక్కుంటూ వెళ్లి ఇద్దరి చేతులూ పట్టుకున్నాడు. అప్పుడు మంచు కాస్త చిరిగింది. వాళ్ల బూట్ల ముందు జానెడు గడ్డి, ఆ తర్వాత ఎక్కడో పాతాళంలో సరస్సు.

ఆ పిల్ల తన బూట్ల చుట్టూ వెతికి చూసింది. “గూడేది తాతా?”

“ఎగిరిపోయింది.”

“గూడెగిరిపోయిందా?”

“గుడ్లతో సహా” అన్నాడు డూగల్, పట్టుకున్న చేతులు వదలకుండానే.