నోరు మూసుకునే హక్కు

ఆ వయసులో నాకో పిచ్చి నమ్మకం ఉండేది: పెద్దమనిషి పక్కన కూచోబెట్టుకుని మర్యాదగా అడిగితే, కడుపులో ఉన్నదంతా కక్కేయడమే సంస్కారమని. మా కడప పక్క పెంపకం అట్లాంటిది. (బస్సులో పక్కసీటాయన అడిగినా జీతమెంతో చెప్పేసే రకం మేము.) ఆ సంస్కారంతోనే సౌదీలో నా కొంప నేనే ముంచుకున్నా.

ఎడారి మధ్యన అమెరికా సిపాయిల క్యాంపు. దానికి సామాన్లిచ్చే కంపెనీలో నేను స్టోర్‌కీపర్ని. నానా తిప్పలు పడి ఫ్యామిలీ వీసా సంపాదించినా. పై నెల నా భార్యా, నేనింకా ఎత్తుకోని నా కూతురూ రావాల. దగ్గర్లోని ఖఫ్జీ టౌనుకు పోయి ఊయల గూడా కొనుక్కొచ్చుకున్నా. అట్లాంటప్పుడు ఒక శుక్రవారం, సెలవు దినాన, ఒక సార్జెంటు లారీ తెచ్చి, “ఆర్డరుంది, స్టోరు తెరువు” అన్నాడు. (ఎండకు కమిలిన మెడ చూసి ఆయనకు ఎర్రమెడ అని పేరు పెట్టుకున్నాం.) యూనిఫాం వేసుకున్నోడు ఆర్డరంటే కాదంటామా? తెరిచినా. తెరిచి ఊరుకుంటే సరిపోయేది; కొత్త ఏసీలు ఎక్కించేకి నేనే చెయ్యి గూడా వేసినా. అవి క్యాంపుకు చేరలేదు, బయట అమ్ముడుపోయినాయి.

విచారణకు ఒకాయన దిగినాడు. సిపాయి గాదు, మామూలు నీలం చొక్కా. ముందు ఎర్రమెడను పిలిచి, కాఫీ ఇచ్చి, ఊరికే ముచ్చట మాదిరి అడిగితే ఆయన అంతా ఒప్పుకున్నాడు. తర్వాత నన్ను పిలిచినాడు. “నీ ఇంగ్లీషు బాగుందే!” అన్నాడు. అయిపోయింది నా పని! అడిగింది ఒకటైతే చెప్పింది పది. “ఒక్కోటి ఎంత బరువనుకున్నారు సార్, నడుము పట్టేసింది” అని నడుం పట్టుకుని చూపించినా గదా, ఏం తెలివి నాది!

నెల తిరక్కముందే ఎర్రమెడ దర్జాగా మెస్సుకొచ్చి తింటున్నాడు. ఏమంటే, వాళ్ళ చట్టంలో అనుమానమున్న సిపాయిని అడిగేముందు, “నీమీద ఫలానా అనుమానముంది, నువ్వు నోరు విప్పాల్సిన పనిలేదు, విప్పితే నీమీదే వాడతాం” అని చెప్పాలంట. అడిగేది సివిల్ ఆయనైనా, సైన్యం తరఫున అడిగితే చెప్పాల్సిందేనంట. నీలం చొక్కా చెప్పలేదు. దాంతో ఎర్రమెడ ఒప్పుకున్నదేదీ చెల్లలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. పరిగెత్తుకుంటా మా కంపెనీ పనోళ్ళ బస చూసుకునే క్యాంప్ బాస్ దగ్గరికి పోయినా. ఆయన హైదరాబాదాయన.

“భాయ్, నాకూ చెప్పలేదు భాయ్! నాదీ చెల్లదు గదా?”

ఆయన నవ్వలేదు, అదే నన్ను భయపెట్టింది. “నువ్వేమన్న ఫౌజీవా రా? ఆ రూల్ వాళ్ళ సిపాయిలకు. సామాన్ ఎక్కించిన అని నీ నోటితోనే చెప్పినవ్. కంపెనీ నీకు ఎగ్జిట్ కొట్టేసింది, ఇగ ఇండియాకే. బట్టలు సర్దుకో.”

ఏసీలు మింగినోడు మెస్సులో, మోసినోడు ఇంటికి. ఏం న్యాయమప్పా ఇది! ఇన్నేళ్ళకీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ పొద్దే ఇంటికి ఫోన్ చేసినా. “మీరు బయల్దేరొద్దు, నేనే వస్తాండా” అన్నా.

“నిజంగానా! మమ్మల్ని పిల్చుకోని పోయేకి నువ్వే వస్తాండావా?” అని నా భార్య ఎగిరి గంతేసింది. వెనకనుంచి పాప కేరింతలు గూడా వినిపించినాయి.

నీలం చొక్కా ముందర ఆగకుండా వాగినోణ్ణి, నా పెళ్ళాం ముందర “ఊ” అని మాత్రమే అన్నా. అప్పటి నాలోని ఆ పిచ్చోడు గుర్తొస్తే నవ్వొస్తుంది, సగంలోనే ఆగిపోతుంది.