బంతి వేసిన చెయ్యి

ఒకసారి విన్న పేరు నేను మరవను గానీ, ఆయన పేరు అడగనే లేదు. శ్రీనివాసపురం బస్సులో నా పక్కన కూర్చున్న ముసలాయన. కుడిచేతి మీద తువ్వాలు కప్పుకొని ఉన్నాడు. నా సంచిలోంచి దొర్లిన మామిడికాయను ఎడమచేత్తో అందుకొని, రెండు వేళ్లు దానిమీద ఆనించి తిప్పుతూ ఉండిపోయాడు.

"చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని క్రికెట్ టీముకు బాల్ ఏసేవాణ్ణమ్మా. నేలమీద నార చాప పరిచి ఆడేది. ఆ చాపమీద నా బాల్ బుస్సున లేస్తా ఉండె. మైన్‌లో వేళ్లు పోయినంక ఆట నిలిచిపాయ. చూసినోళ్లు ఇంగ ఒకరూ లేరు. నువ్వేమన్నా చూసినావా?"

లేదనడానికి నాకు నోరు రాలేదు.

"చూసినానప్పా. చిన్నప్పుడు మా మామ పిల్చుకపోయినాడు."

ఆయన పూర్తిగా నా వైపు తిరిగాడు. "ఏ చేత్తో ఏస్తా ఉంటి, చెప్పు?"

కాయ ఉన్న చేతిని చూసి, "ఎడమచేత్తో" అన్నాను.

ఆయన కాయను తిప్పడం ఆపాడు.

"ఔనమ్మా, ఎడమచేత్తోనే" అని కాయను నా ఒళ్లో పెట్టాడు.

దిగేటప్పుడు కమ్మీ పట్టుకోవడానికి తువ్వాలు తీశాడు. కుడిచేతికి చూపుడువేలు, నడిమివేలు లేవు.

ఇప్పటికీ ఆ బస్సెక్కితే ముందు అందరి చేతులే చూస్తాను.