సమాధి మీద వదిలిన ఖాళీ

ఎవరైనా ఏదైనా చదివి పెట్టమంటే ఇప్పటికీ రెండుసార్లు చదువుతాను.

ఆ రోజు అమెరికాలో, ఎడిసన్ స్టేషన్లో రైలెక్కి అమ్మతో ఫోన్ మాట్లాడి పెట్టేయగానే, పక్క సీట్లోని పెద్దాయన పలకరించాడు.

"తెలుగమ్మాయివేనా? కళ్లజోడు మర్చిపోయానమ్మా. ఇవి కాస్త చదివి పెడతావా?"

రెండు జిరాక్స్ కాగితాలు. మడతలు చిరిగిపోతే టేపు అంటించారు. మొదటిది గోదావరి వైపు వాళ్ల ఊరి పాత భూమి రికార్డు. ప్రతి రైతు పేరు పక్కనా తండ్రి పేరు ఉంది. ఆయన తాతగారి పేరు పక్కన మాత్రం గీత గీసి ఉంది. రెండోది, ఆ ఊళ్లో కాలువ తవ్వించిన ఇంగ్లీషు దొర వీలునామా. పెద్దాయనే లండన్ నుంచి తెప్పించాడట.

"మా తాత వాళ్లమ్మ ఆ దొర ఇంట్లో వంట చేసేది. తాత ఆ దొర కొడుకేనని మా నాన్న నమ్మకం. ఊళ్లో నవ్వేవాళ్లు. ప్రూఫ్ దొరికితే చెక్కిద్దామని, చర్చి వెనక తాత సమాధి మీద తండ్రి పేరుకి చోటు వదిలించాడు. నాన్న కూడా పోయాడు. ఆ చోటు అలాగే ఉంది."

వీలునామా చదివాను. గుర్రం తమ్ముడికి, గడియారం స్నేహితుడికి. చిట్టచివర, "నా వంటమనిషి మరియమ్మ కొడుక్కి రెండెకరాలు."

"'నా కొడుకు' అని ఎక్కడా లేదా? ఇంకోసారి చూడమ్మా."

చూశాను. "లేదంకుల్."

"పోన్లే. థాంక్సమ్మా."

కాగితాలు పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకున్నాడు. రైలు నెమ్మదించింది. ఆయన చొక్కా జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, వచ్చింది తన స్టేషనేనా అని బయటి బోర్డు చదువుకున్నాడు.