ఏలూరు మేడం

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తాను. చేరి పన్నెండేళ్లయింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు. డాక్టరుగారి భార్యది ఏలూరు. చేరిన కొత్తలో ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "ఫోన్‌లో ఏంది అనకమ్మా, ఏంటండీ అను. ఏంది అంటే వాళ్లకి పోట్లాడుతున్నట్టు వినిపిస్తుంది" అని చెప్పింది. కోపంగా చెప్పలేదు. నేనూ నొచ్చుకోలేదు. రెండు నెలల్లో "చెప్పండి", "కూర్చోండి", "ఓ పది నిమిషాలు ఆగగలరా అండీ" నాలుక మీదికి వాటంతట అవే వచ్చేవి. సాయంత్రం బస్సు దిగి ఎల్బీనగర్‌లో మా గల్లీ మలుపు తిరిగేసరికి మళ్లీ మా నల్లగొండ మాటే వచ్చేది. అందులో తప్పేముందని నేనెప్పుడూ అనుకోలేదు. ఉద్యోగం కోసం నేర్చుకున్న పని, అంతే.

మా అమ్మాయి ఇంటర్ పరీక్షలు అయిపోయాక సముద్రం చూడాలంది. మా ఇంట్లో నలుగురం: నేను, ఆటోనగర్‌లో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పనిచేసే మా ఆయన, అమ్మాయి, మా అత్తమ్మ. మామ పోయాక అత్తమ్మ ఊరి నుంచి మా దగ్గరికే వచ్చేసింది. నలుగురం బాపట్ల దగ్గర సముద్రానికి పోదామనుకున్నాం. గది నేనే ఫోన్‌లో ఫోటోలు చూసి తీసుకున్నాను. "ఇంత తక్కువకు సముద్రం కనబడే రూం ఎట్ల ఇస్తరు? జర ఆలోచించు" అన్నాడు మా ఆయన. నేను వినలేదు. అప్పటికే క్లినిక్‌లో అందరికీ చెప్పేశాను, కిటికీ తెరిస్తే సముద్రమేనట అని.

కిటికీ తెరిస్తే బస్సులు ఆగే చోటు కనబడింది. సముద్రం చూడాలంటే బాత్రూంలో బకెట్ బోర్లించి దాని మీద ఎక్కి వెంటిలేటర్‌లోంచి మెడ సాచాలి. మా గది కిందే మెస్సు. తెల్లవారకముందే గిన్నెల చప్పుడు మొదలైంది, తర్వాత బోరు మోటరు, తర్వాత "చీరాల, చీరాల" అంటూ కండక్టర్ల కేకలు. గదికీ పక్క గదికీ మధ్య గోడ అనేది చెక్కతో చేసింది. అవతల ఎవరైనా దగ్గితే మా మంచం మీద దగ్గినట్టే ఉండేది. మా ఆయన చెవుల మీదికి దుప్పటి లాక్కుని పడుకున్నాడు. నేను చెప్పలేదా అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అత్తమ్మకు మాత్రం ఏదీ కష్టంగా లేదు. మొదటి రోజు సముద్రంలో మోకాళ్ల లోతు దాకా పోయి, అల వచ్చి కూలేస్తే కూర్చునే నవ్వింది. "ఇగో, ఇది మనిషిని ఊకుండనియ్యదు" అంది. ఆమె అంతసేపు నవ్వడం నేను చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నాకు తలనొప్పి పట్టుకుంది. మా ఆయన, అమ్మాయి మళ్లీ సముద్రానికి పోయారు. అత్తమ్మ, "నేను కింద చాయ తాగొస్త, నువ్వు పండుకో" అని తలుపు దగ్గరకేసి పోయింది. కళ్లు మూతపడుతుండగా పక్క గదిలోకి ఆడవాళ్లు వచ్చారు. పది మంది దాకా ఉంటారు. తడి బట్టల నీళ్లు పిండడం, ఒకరి మీద ఒకరు ఇసుక దులుపుకోవడం, నవ్వులు. కాసేపటికి చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నారు. ఒకామె అందిస్తుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. ఆ పాట నాకు తెలుసు. మా ఊళ్లో నాట్లేసేటప్పుడు మా అమ్మ పాడేది. తెలిసిన పాట కాబట్టే ఇంకా చిరాకేసింది. ఇంత దూరం వచ్చినా ఇదేనా అనిపించింది.

లేచి కిందికి పోయాను. కౌంటర్ దగ్గర మేనేజరు, యాభై ఏళ్ల మనిషి, పేపరు చదువుతున్నాడు. మేము దిగిన రోజు ఆయన లేడు, మా నలుగురినీ చూడలేదు. నా నోట్లోంచి క్లినిక్ భాష వచ్చింది.

"ఏవండీ, మా పక్క గదిలో వాళ్లు ఒకటే గోల చేస్తున్నారండీ. తలనొప్పితో పడుకుందామంటే పడుకోనివ్వట్లేదు."

ఆయన వెంటనే పేపరు మడిచాడు. "అయ్యో, సారీ అండీ. తెలంగాణ నుంచి వచ్చిన బ్యాచ్ అండీ. మీదెక్కడండీ?"

రిజిస్టర్‌లో హైదరాబాద్ అని ఉంది. "ఉండేది హైదరాబాదేనండీ. మా సొంతూరు ఏలూరు" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో చాలా రోజులు ఆలోచించాను. ఆయన తెలంగాణ అన్న తీరు వినగానే నేను అటువైపు లేనని చెప్పుకోవాలనిపించింది. అంతే. అక్కడితో ఆగినా బాగుండేది. "వాళ్లకి అలవాటే కదండీ, సంతలో ఉన్నట్టు అరుచుకోవడం" అని కూడా అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆయన ముందు, నేను వెనక మెట్లెక్కాం. పక్క గది తలుపు తోసి గుమ్మంలోనే నిలబడి గొంతు పెంచాడు. "ఏమ్మా, ఇది లాడ్జి అనుకున్నారా, సంత అనుకున్నారా? పక్క గదిలో ఏలూరు మేడం గారు తలనొప్పితో బాధపడుతున్నారు. కొంచెం మనుషుల్లా ఉండటం నేర్చుకోండి."

పాట ఆగిపోయింది. ఆయన భుజం పక్కనుంచి లోపలికి చూశాను. నేల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మా అత్తమ్మ. వెనక కూర్చున్న ఒకామె ఆమె జడ విప్పి ఇసుక రాలేలా దువ్వుతోంది. పాట అందిస్తున్న గొంతు అత్తమ్మదేనని నాకప్పుడు అర్థమైంది. పదేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఆ గొంతు నేను పోల్చుకోలేదు.

మేనేజరు తలలు లెక్కపెట్టాడు. "ఈమెవరు? మీ పది మందిలో లేదే? బయటివాళ్లని గదిలోకి తేకూడదని చెప్పానా లేదా?" నావైపు తిరిగాడు. "మీరు గానీ ఎప్పుడైనా చూశారా అండీ ఈవిడని?"

అత్తమ్మ నన్ను చూసింది. నేను అత్తమ్మను చూశాను. "మా అత్తమ్మ" అనాలి. రెండే మాటలు. ఏలూరు అని చెప్పిన నోటితో, జుట్టు విరబోసుకుని, తడి ముతక చీరలో కూర్చున్న ఆమెను నా మనిషని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నేను చెప్పనని ఆమెకు నాకంటే ముందే తెలిసింది. చేత్తో కొప్పు ముడేసుకుంటూ లేచింది. "నేను ఇట్లనే వచ్చిన బిడ్డా. పాట వినొచ్చి కూసున్న. వాళ్లననకు, పోతున్న" అని మేనేజరుతో చెప్పి, నా పక్కనుంచే నడిచి, మా గది దాటి మెట్లు దిగిపోయింది. మా గదిలోకి పోతే నా అబద్ధం బయటపడుతుందని కిందికి పోయింది.

దువ్వెన పట్టుకున్న పెద్దామె గుమ్మం దాకా వచ్చింది. "మాఫ్ జెయ్యమ్మా. గోడ గింత పల్చగున్నదని మాకు తెల్వదు. తలకు రాసుకునే మందున్నది, ఇయ్యాల్నా?"

"అక్కర్లేదండీ" అన్నాను. అప్పుడు కూడా అండీ అనే అన్నాను.

గదిలోకి వచ్చి పడుకున్నాను. చెక్క గోడ అవతల అందరూ గుసగుసగా మాట్లాడుకుంటున్నారు. ఎవరికో నవ్వొస్తే ఇంకెవరో నోరు మూస్తున్నట్టున్నారు. పొద్దుగూకకముందే సంచులు సర్దుకుని వెళ్లిపోయారు. నా వల్ల వెళ్లారో, వాళ్ల బస్సు టైం అయిందో నాకు తెలియదు. అడగలేదు.

చీకటి పడేటప్పుడు అత్తమ్మ మా ఆయనతో, అమ్మాయితో కలిసి ఒడ్డు నుంచి వచ్చింది. "ఎట్లుంది తల?" అని అడిగింది. తగ్గిందన్నాను. ఆమె కొడుకుతో ఒక్క మాట చెప్పలేదు. తిరుగు ప్రయాణంలోనూ చెప్పలేదు, ఇంటికొచ్చాకా చెప్పలేదు. ఎప్పట్లాగే నాకు పొద్దున డబ్బా కట్టి ఇచ్చేది. ఆమె తిడితే బాగుండుననుకుంటూ రోజులు గడిపాను. నా అంతట నేను ఆ మాట ఎత్తడానికి ధైర్యం చాలలేదు. మా ఆయనతో చెబుదామని రెండుసార్లు మొదలుపెట్టి మాట మార్చేశాను.

వానాకాలం మొదలయ్యాక అత్తమ్మ శనివారాలు సరూర్‌నగర్ పోయి రావడం మొదలుపెట్టింది. దోస్తులున్నారంది. ఒక శనివారం పెద్ద వాన పడి రోడ్ల మీద నీళ్లు నిలిచాయి. క్లినిక్ అయిపోగానే ఫోన్ చేస్తే, "చెరువు దిక్కు గల్లీల ఉన్న, అప్పడాల షెడ్డు అని అడుగు, ఎవరైనా చెప్తరు" అంది. గొడుగు పట్టుకుని పోయాను.

రేకుల షెడ్డులో నలుగురైదుగురు ఆడవాళ్లు అప్పడాలు కవర్లలో పెడుతున్నారు. అత్తమ్మ కూడా వాళ్ల మధ్య కూర్చుని పెడుతోంది. నన్ను ముందుగా చూసింది సముద్రం దగ్గర దువ్వెన పట్టుకున్న పెద్దామె. వాళ్లు సరూర్‌నగర్ వాళ్లని, అత్తమ్మ ఆనాడే అడ్రసు అడిగి పెట్టుకుందని నాకప్పుడు తెలిసింది.

"ఏలూరు మేడం గదా?" అంది.

అత్తమ్మ తలెత్తలేదు. ఈసారి ఆమె లేచి నన్ను కాపాడదని అర్థమైంది. నా గొడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. అందరూ చేతులు ఆపి చూస్తున్నారు.

"కాదక్కా" అన్నాను. "నాది ఏలూరు కాదు. నల్లగొండ దిక్కే. ఈమె మా అత్తమ్మ. ఆనాడు అబద్ధం చెప్పిన. మిమ్మల్ని సంతల ఉన్నట్టు అరుస్తరని అన్నది గూడ నేనే."

పెద్దామె కవరు మూతి మడిచి పక్కన పెట్టింది. "నువ్వు ఆమె కోడలువని మాకు ఆనాడే తెలుసు. పొద్దుగాల మీరిద్దరు ఒక్క రూంలకెంచే వచ్చిన్రు గదా, చూసినం."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"ఆమెనే దాచిపెడ్తుంటే మేమెందుకు బయటవెడ్తం?" అంది. ఇంకో కవరు అందుకుని, "సంత అన్నది నువ్వని మాత్రం తెల్వదు" అంది.

ఆ మాటలో కోపం లేదు. కానీ దాని తర్వాత ఎవరూ నన్ను కూర్చోమనలేదు. కాసేపటికి చిన్నామె ఒకతె లేచి ప్లాస్టిక్ స్టూలు జరిపింది. చాయ ఇచ్చారు. తాగాను. వాళ్లు పనిలో పడ్డారు. నేనూ చెయ్యి వేయబోతే పెద్దామె, "వద్దులే, తడి చేతులు, అప్పడాలు మెత్తవడ్తయి" అంది. నిజమే, నా చేతులు తడిగా ఉన్నాయి.

ఆటోలో వస్తుంటే అత్తమ్మను అడిగాను. "నా మీద కోపం లేదా అత్తమ్మా?"

కొత్తపేట దాటాక చెప్పింది. "కోపమా? ఆనాడు మెట్లు దిగుతుంటె ఒక్కటే అనుకున్న. నేనేం తప్పు చేసిన్నని ఇది నన్ను ఎరగనట్టు నిలబడ్డది అని. నా చీర బాగలేదా, నా మాట బాగలేదా అని ఇసుకల కూసోని సోచాయించిన. ఇప్పటికి తెల్వలే."

తప్పు నాదేనని చెప్పాను. "తెలుసు" అంది. ఇంటికెళ్లాక ఆ రాత్రే మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ విని, కంచం వైపే చూస్తూ, "అమ్మను చూసి సిగ్గుపడ్డవా" అని ఒక్క మాట అడిగాడు. అవునన్నాను. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

క్లినిక్‌లో నేను ఇప్పటికీ అండీ అనే మాట్లాడుతాను. అది మానేస్తే తప్పు సరిదిద్దినట్టవుతుందని అనుకోను. ఎవరైనా మీదెక్కడండీ అని అడిగితే మాత్రం నల్లగొండ అని చెబుతున్నాను. మొదట్లో ఆ మాట అనే ముందు కాస్త తడబడేదాన్ని. తడబడినప్పుడల్లా నా మీద నాకే అసహ్యం వేసేది.

మొన్న చలికాలంలో అప్పడాల షెడ్డు ఆడవాళ్లు మళ్లీ సముద్రానికి పోయారు. వాళ్లతో అత్తమ్మా పోయింది. ఎల్బీనగర్‌లో బస్సు దాకా సంచీ మోసుకొచ్చి ఎక్కించాను. పెద్దామె కిటికీలోంచి, "జాగ్రత్తగ తోలుకొస్తం, రంది పడకు" అంది. నన్ను కూడా రమ్మని ఎవరూ అనలేదు. అంటారేమోనని బస్సు కదిలే దాకా నిలబడి ఉన్నాను.